దారికి అడ్డం వేసిన తునికి కొమ్మలు

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి "అయితే మీరూ నమ్ముతారన్నమాట" అంటూ ఎవరూ నా దగ్గరికి రావద్దు. నేను నమ్మను. చిన్నప్పుడు నమ్మలేదు, మా నాన్న పోయిన రోజు నమ్మలేదు, ఈ సంగతి జరిగిన తర్వాత కూడా నమ్మడం లేదు.

నా పని అలాంటిది. నేను వరంగల్‌లో బండ్ల ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. యాక్సిడెంటు అయిన కారునో లారీనో చూసి, ఫొటోలు తీసి, ఎట్లా జరిగిందో రాసివ్వాలి. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. ములుగు దాటాక అడవి రోడ్డు మీద బండిని చెట్టుకు గుద్దినవాళ్లలో సగం మంది నాకు ఒకటే కథ చెప్పారు. తెల్ల చీర కట్టుకున్న ఆడమనిషి అడ్డం వచ్చిందట. ఎప్పుడూ తెల్ల చీరే. పాపం, ఆమెకు ఇంకో చీర లేదు. సీటు కింద చెయ్యి పెడితే సీసా దొరుకుతుంది. దయ్యం మీద నేను తీర్పు రాయను, సీసా ఫొటో తీసుకుని వస్తాను.

కాబట్టి ఇక్కడ చెప్పబోయేది కూడా నాకు వీలైనంత వరకు అట్లాగే చెబుతాను. చూసింది చూసినట్టు, చూడనిది చూడలేదని.

మా బామ్మర్ది పేరు శ్రీకాంత్. హన్మకొండలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు ఉంది. ఊళ్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా, ఎవరికి ఏ చిన్న పదవి వచ్చినా, నలభై మంది మొహాలు పేర్చి ఆకాశమంత ఫ్లెక్సీ తీసి ఇస్తాడు. మంచివాడే. కానీ ఏది పట్టుకున్నా పిచ్చి ముదిరేదాకా వదలడు. ఒక ఏడాది క్రికెట్, ఒక ఏడాది కీటో తిండి. ఆ తర్వాత ట్రెక్కింగ్.

ఇక్కడ ఒక ట్రెక్కింగ్ గ్రూపు ఉంది. ములుగు వైపు నుంచి గోదావరి ఒడ్డు దాకా గుట్టల మీదుగా ఒక పొడుగు దారి పెట్టుకున్నారు. ఆ దారిని ముక్కలు చేసి, ఒక్కో ఆదివారం ఒక్కో ముక్క నడుస్తారు. నడిపించే ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. మిగతా రోజుల్లో ఆయన ప్లాట్లు అమ్ముతాడు. మెడలో విజిల్, తలకు వెనక గుడ్డ వేలాడే టోపీ, ఎక్కడ నిలబడినా ఒక కాలు రాయి మీద పెట్టి మాట్లాడటం. ఆయన్ని చూస్తే రోజూ హిమాలయాల్లో పళ్లు తోముకుని వస్తాడనుకోవాలి.

ఆ దారిలో ఏటూరునాగారం అడవిలో పడే ముక్క అన్నిటికన్నా కష్టమని పేరు. బస్సు ఒక పక్క దింపేసి, గుట్టలు చుట్టి అవతలి పక్కకు వెళ్లి నిలబడుతుంది. రెండు గుట్టలు ఎక్కి దిగితేనే బస్సు. వెనక్కి తిరిగితే అక్కడ ఏమీ ఉండదు. ఫోను సిగ్నల్ కూడా ఉండదు. దాన్ని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. దిగడానికి దారిలేని చోటికి ఎక్కడంలో గొప్ప ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా ఆవిడ లతకు ఉన్నది ఒక్క తమ్ముడు. వాళ్లమ్మ అతను పదో తరగతిలో ఉండగా పోయింది. అప్పటి నుంచి ఈమే అమ్మ. వాడి పెళ్లి అయ్యి ఇద్దరు పిల్లలు పుట్టినా, వాడు ఊరు దాటితే ఈమెకు అన్నం దిగదు.

"ఇగో, వాడు గుట్టలెక్కుడు పోతాండట. నువ్వు గూడ పో. ఒక్కన్ని పంపియ్యకు" అంది.

యాభై దాటిన నేను, మోకాలు నొప్పి ఉన్న నేను, ఆదివారం పొద్దున బస్సులో కూర్చున్నానంటే కారణం అదీ. వాణ్ని సాయంత్రానికి తెచ్చి ఆమెకు అప్పజెప్పాలి. నాకు ఇచ్చిన పని అంతే.

పొద్దున ఎక్కడం మొదలుపెట్టాం. గ్రూపులో పదిహేను మంది దాకా ఉన్నాం. రాళ్ల మీద కెప్టెన్ పసుపు పెయింటుతో బాణాలు వేయించాడు. దారి పొడుగునా ఆ బాణాలు చూపించి, ఒక్కోదాని వెనక ఒక్కో చరిత్ర చెప్పాడు. అడవికి దారి కనిపెట్టింది తానే అన్నట్టు మాట్లాడాడు. అంతకుముందు అక్కడ నడిచినవాళ్లకు పాపం పెయింటు లేదు, విజిల్ లేదు, కాళ్లు మాత్రమే ఉన్నాయి.

మొదటి గుట్ట నిజంగా కష్టమే, ఒప్పుకుంటాను. కాలు పెడితే గులకరాళ్లు జారుతున్నాయి. వెదురు పొదల ముళ్లు చొక్కా పట్టుకుని లాగుతున్నాయి. ఒక చోట పెద్ద బండలు, వాటి మీదికి తాడు పట్టుకుని పాకాలి. శ్రీకాంత్ కొత్త బూట్లు, రెండు చేతుల్లో రెండు కర్రలు, వీపు మీద నీళ్ల సంచి, దాని నుంచి నోట్లోకి గొట్టం. ఆ గొట్టం పీల్చుకుంటూ, రొప్పుకుంటూ, అందరికన్నా వెనక. వాడి వెనక నేను, వాణ్ని తిట్టుకుంటూ.

గుట్ట పైన అందరూ ఫొటోలు దిగారు. తర్వాత అవతలికి కొంచెం దిగితే రెండు గుట్టల మధ్య ఒక పల్లం వస్తుంది. అక్కడ ముందుకు వంగిన పెద్ద బండ ఉంది. దాని కింద ఎవరో ఎప్పుడో పసుపు రాసిన చిన్న రాయి. మిగతావాళ్లు దాటిపోయారు. మావాడు ఆగాడు.

"బావా, జర ఆగు. దండం పెట్టుకొని వస్త."

మా వైపు మనుషులకు ఇదొక జబ్బు. పసుపు రాసిన రాయి కనబడితే కాళ్లు కదలవు. అది దేవుడా, పొలం హద్దా అని కూడా చూడరు. వాడు సంచి తెరిచాడు. దెబ్బ తగిలితే వేసుకునే మందు వాడి సంచిలో లేదు. కొబ్బరికాయ ఉంది. కర్పూరం ఉంది. అగరుబత్తి ప్యాకెట్టు ఉంది. ఒకటి రెండు కాదు, ప్యాకెట్టు ప్యాకెట్టంతా కట్టగా పట్టుకుని వెలిగించాడు.

నేను దూరంగా చెట్టు కింద నిలబడి చూస్తున్నాను. ఆ పూజలో కలవడం ఇష్టం లేకే దూరంగా ఉన్నాను. తల ఎత్తితే పైన బండకు నల్లటి చాపలు వేలాడుతున్నట్టు కనిపించింది. వాన నీళ్లు కారి కట్టిన మరక అనుకున్నాను. పొగ నిదానంగా పైకి పోయి ఆ మరకను తాకింది. మరక కదిలింది.

పెద్ద తేనెటీగలు. తుట్టెలకు తుట్టెలు లేచాయి. వాడు మొదట చేతులతో కొట్టుకున్నాడు, తర్వాత అరిచాడు, తర్వాత ఎటు పడితే అటు పరుగెత్తాడు. భోజనానికి పరుచుకోవడానికి లత ఇచ్చిన దుప్పటి నా సంచిలో ఉంది. అది తీసి వాడి మీద కప్పి, వాణ్ని లాక్కుని పొదల్లోకి పడ్డాను. ఇద్దరం దుప్పటి కింద ముడుచుకుని పడుకున్నాం. బయట ఆ చప్పుడు ఎంతసేపు ఉందో చెప్పలేను. అది ఆగాక కూడా చాలాసేపు లేవలేదు.

నన్ను చెవి మీద, చేతుల మీద కొన్ని కుట్టాయి. వాణ్ని ఎన్ని కుట్టాయో లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. తల, మెడ, మొహం, పెదాలు. కాసేపట్లోనే కళ్లు రెండూ పూర్తిగా మూసుకుపోయాయి. వాంతి చేసుకున్నాడు. తర్వాత ఊపిరి తీసేటప్పుడు గొంతులో సన్నటి ఈల చప్పుడు మొదలైంది.

ఆ ఈల వినగానే నాకు భయం వేసింది. తేనెటీగలు కుట్టి మనుషులు పోయారని పేపర్లో చదివినవన్నీ గుర్తొచ్చాయి. గ్రూపును పిలిచాను. గొంతు పోయేదాకా అరిచాను. కెప్టెన్ విజిల్ కూడా వినబడలేదు. మేం రాలేదన్న సంగతి వాళ్లకు భోజనాల దగ్గర మనుషులను చూసుకున్నప్పుడు గానీ తెలియలేదని తర్వాత తెలిసింది. అందరి కంటే వెనక నడిచే మనిషిని ఒకణ్ని పెడతామని బస్సులో గొప్పగా చెప్పారు. ఆ మనిషి ముందుకు పోయి ఫొటోలు తీస్తున్నాడు.

వెనక్కి పోదామంటే తాడు పట్టుకుని దిగాల్సిన బండలు. కళ్లు కనబడని మనిషిని అక్కడ దింపలేను. దింపినా అటు బస్సు లేదు. ముందుకు పోదామంటే రెండో గుట్ట ఎక్కాలి. ఏదో ఒకటి చేయాలి, తొందరగా చేయాలి. వాణ్ని లేపి, కుడిచెయ్యి పట్టుకుని, బాణం వైపు నడిపించాను.

పల్లం చివర దారి రెండుగా చీలింది. కుడి వైపు రాయి మీద పసుపు బాణం, గుట్ట మీదికి. ఎడమ వైపు చెట్లలోకి దిగే సన్నటి కాలిదారి. బాణం ఉన్న దారికి అడ్డంగా బీడీ ఆకుల తునికి కొమ్మ ఒకటి పడి ఉంది.

ఇది ఏమిటో చెప్పాలి. మా అమ్మగారి ఊరు మరిపెడ దగ్గర. చిన్నప్పుడు జాతరకు పోతే ఊరు ఊరంతా ఎడ్లబండ్ల మీదా, కాళ్ల మీదా పోయేవాళ్లం. ముందు నడిచేవాళ్లు దారి చీలిన చోట, పోకూడని దారికి అడ్డంగా పచ్చి కొమ్మ విరిచి పడేసేవాళ్లు. వెనక పిల్లాజెల్లాతో వచ్చేవాళ్లు అది చూసి రెండో దారి పట్టేవాళ్లు. అందరికంటే చివర వచ్చేవాళ్లు ఆ కొమ్మ తీసి పక్కన పడేయాలి. లేకపోతే వేరే ఊరివాళ్లు దాన్ని చూసి దారి తప్పుతారు. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు. పెయింటు డబ్బా లేనివాళ్ల బాణం, అంతే.

కొమ్మ అప్పుడే విరిచినట్టు ఉంది. ఒక ఆకు మధ్యకు చిరిగి ఉంది. గ్రూపులో ఎవడో బుద్ధిలేనివాడు విరిచి పడేశాడనుకున్నాను. తర్వాత నిలదీయడానికి పనికొస్తుందని, చేతి అలవాటుగా, ఫోనులో ఫొటో తీశాను. తీసి, ఆ కొమ్మను బూటుతో పొదల్లోకి తన్నాను.

గుట్ట మీదికి కొంత దూరం ఎక్కాం. శ్రీకాంత్ కూర్చుండిపోయాడు.

"బావా, నాతోని గాదు. నువ్వు పో" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"నోర్ముయ్. నిన్ను ఈడ ఇడిసిపెట్టి మీ అక్కకు నేను మొఖం ఎట్ల సూపియ్యాలె?" అన్నాను.

కానీ ఎక్కించలేనని నాకూ తెలిసింది. వెనక్కి దిగాం. చీలిక దగ్గరికి వచ్చేసరికి, మేం దిగి వస్తున్న దారికి అడ్డంగా తునికి కొమ్మ ఉంది. అదే కొమ్మ. చిరిగిన ఆకు అదే.

నేను దాన్ని తన్ని పడేసిన పొద వైపు చూశాను. అక్కడ ఏమీ లేదు. గాలి లేదు. "ఎవల్రా అది?" అని అరిచాను. జవాబు లేదు. పశువులు మేపుకునే ఎవడో పొదల్లో దాక్కుని మాతో ఆటాడుతున్నాడని అనుకున్నాను. వాడికి వినబడేటట్టు నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఇంకో ఫొటో తీశాను.

ఎడమ దారి పట్టాను. కొమ్మ చెప్పిందని కాదు. అది కిందికి పోతోంది, మావాడు కిందికి మాత్రమే నడవగలడు. ఈ మాట నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను.

ఆ దారి కొంత దిగాక మళ్లీ చీలింది. ఒక దారికి అడ్డంగా కొమ్మ. ముట్టుకుంటే విరిగిన చోట తడి వేలికి అంటింది. కొమ్మ లేని దారిలో పోయాం. మళ్లీ చీలిక, మళ్లీ కొమ్మ. ఎవరో మా కంటే కొద్దిగా ముందు నడుస్తున్నారు. పిలిస్తే పలకడం లేదు. చెవిటివాడేమో అనుకున్నాను. పొగరుబోతేమో అనుకున్నాను. ఒక మనిషి ఊపిరి ఆడక చస్తుంటే వచ్చి ఓ చెయ్యి వేయకుండా కొమ్మలు విరుచుకుంటూ పోయేవాడు ఎలాంటి మనిషని కోపం వచ్చింది.

ఆ కోపంతోనే ఒక చోట తప్పు చేశాను. కొమ్మ వేసిన దారి వెడల్పుగా, నున్నగా ఉంది. వేయని దారి ముళ్లకంప. ఎవడో చెప్పినట్టు నేను ఎందుకు ఆడాలని, కొమ్మ దాటి వెడల్పు దారిలో పోయాను. నాలుగు చెట్లు దాటగానే నేల లేదు. వానాకాలంలో నీళ్లు దూకే చోటు, ఇప్పుడు ఎండిన లోయ. నా బూటు కింద నుంచి రాయి జారింది. అది కింద పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వినబడింది. శ్రీకాంత్ నా వెనకే, కళ్లు మూసుకుపోయి, నేను ఎటు లాగితే అటు వస్తూ ఉన్నాడు. ఇంకో అడుగు వేసి ఉంటే ఇద్దరమూ ఆ రాయి వెనకే పోయేవాళ్లం.

వెనక్కి వచ్చాం. దారి మీద ఇప్పుడు రెండు కొమ్మలు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. మొండి పిల్లాడితో వేగలేక ఎవరో విసుక్కున్నట్టు ఉంది.

అక్కడి నుంచి నేను తిట్టడం మానేశాను. కొమ్మ ఉంటే పక్కకు తిరిగాను. ఆలోచించలేదు. మావాడి గొంతులో ఈల పెరుగుతోంది, అదొక్కటే విన్నాను.

ఒక మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగి వెనక్కి చూశాను. మేం అప్పుడే దాటిన చీలిక పైన కనబడుతోంది. అక్కడ అడ్డంగా ఉండాల్సిన కొమ్మ లేదు. దారి పక్కన, చెట్టు మొదట్లో పడి ఉంది. పోయేటప్పుడు నేను దాన్ని ముట్టుకోలేదు. అంటే ముందు కొమ్మలు వేస్తూ ఒకరు పోతున్నారు. వెనక ఎవరో అవి తీస్తూ వస్తున్నారు. మా ఊరివాళ్లం జాతరకు నడిచినప్పుడు నడిచినట్టే. మధ్యలో మేమిద్దరం.

నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. లేచాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మళ్లీ వెనక్కి చూడలేదు.

ఇంకో సంగతి ఆ రోజే గమనించాను, దాని గురించి అప్పుడు ఏమీ అనుకోలేదు. రెండు కళ్లూ బాగున్న నేను ఆ దిగుడులో రెండుసార్లు జారిపడ్డాను. కళ్లు కనబడని శ్రీకాంత్ ఒక్కసారి కూడా తూలలేదు. కాలు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాడు.

చివరికి చెట్లు పలచబడి బండిబాట వచ్చింది. వెదురు వేసుకుని ఒక ట్రాక్టరు పోతోంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరున్నారు. చేతులు ఊపితే ఆగారు. మావాడి మొహం చూసి ఆమె "అయ్యో కొడుకా" అంటూ దిగి పట్టుకుంది. ఆయన మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు.

"గుట్ట మీద ఏం పనుండె సార్ మీకు?"

"ఏం లేకుండె" అన్నాను.

"మరి ఎందుకెక్కిన్రు?"

ఆ రోజు నాకు ఎదురైన మనుషుల్లో బుద్ధి ఉన్నవాడు ఆయన ఒక్కడే అనిపించింది.

ఆ ట్రాక్టరు మీదే ఏటూరునాగారం దవాఖానకు చేర్చారు. అక్కడ సూదులు వేశారు, ఆక్సిజన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే గొంతు మూసుకుపోయేదని డాక్టరు అన్నాడు. తర్వాత అంబులెన్సులో వరంగల్ తీసుకొచ్చాం. ఐసీయూ బయట లత నా చొక్కా పట్టుకుని, "మా తమ్మున్ని నాకు తెచ్చిస్తనన్నవు గదా" అని ఏడ్చింది. తెచ్చాను అని చెప్పలేకపోయాను. లోపల వాడు బతుకుతాడో లేదో అప్పటికి తెలియదు. అంత చేతకానివాడిగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

బతికాడు. మూడో రోజుకు కళ్లు కొంచెం తెరుచుకున్నాయి, మాట వచ్చింది. లత మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. వాడు నా వైపు తిరిగి అడిగాడు.

"బావా, మనతోని ఉన్నది ఎవలు? నువ్వు ఈ చెయ్యి పట్టుకున్నవు. ఆ చెయ్యి పట్టుకున్నది ఎవలు?"

ఎడమ చెయ్యి చూపించాడు.

ఎవరూ లేరని చెప్పాను. వాడు నవ్వాడు. నేను ఆట పట్టిస్తున్నానని అనుకున్నాడు. పైనుంచి బండిబాట దాకా ఎవరో పట్టుకునే ఉన్నారట. రాయి వస్తే చెయ్యి పైకి ఎత్తేవారట, దిగుడు వస్తే కిందికి నొక్కేవారట. లోయ దగ్గర గట్టిగా వెనక్కి గుంజారట. నేను ఆగకముందే తాను ఆగిపోయానన్నాడు.

లత చేతిలో బత్తాయి అట్లాగే ఉండిపోయింది. "అమ్మనా?" అంది, చిన్నగా.

వాడు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "కాదక్క. అమ్మ చెయ్యి నాకెర్కలేదా? ఇది శిన్న చెయ్యి. మస్తు గరుకుగ ఉండె."

డాక్టర్ని అడిగాను. విషం ఒంట్లో పాకినప్పుడు, ఊపిరి సరిగ్గా అందనప్పుడు, ఇలాంటి భ్రమలు మామూలేనన్నాడు. మంచి జవాబు. నాకు నచ్చింది. వాడి చెయ్యి సంగతి అక్కడితో తేలిపోయేది. కానీ వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు, కొమ్మలు చూడలేదు. కొమ్మలు చూసింది నేను. నాకు ఊపిరి బాగానే ఆడింది.

తర్వాతి వారం ఫారెస్టు వాచర్‌ను వెంటబెట్టుకుని కింది వైపు నుంచి ఎక్కాను. ప్రతి చీలిక దగ్గర, దారి పక్కన, ఎండిపోయిన తునికి కొమ్మ ఉంది. లోయ దగ్గర రెండున్నాయి. అన్నీ పక్కకు తీసి ఉన్నాయి. రాతి నేల, అడుగులు పడవు. ఆ రోజు అటు ఎవరూ పోలేదని వాచర్ చెప్పాడు. ఆయనకు తెలియకుండా ఎవరైనా పోయి ఉండొచ్చు కదా అంటే, పోయి ఉండొచ్చన్నాడు. నేను దాన్నే పట్టుకున్నాను. ఎవరో పోయారు. ఇద్దరు. ఒకరు ముందు, ఒకరు వెనక. మేం ఎన్నిసార్లు పిలిచినా పలకనివాళ్లు, నేను తన్నిన కొమ్మను నాకు కనబడకుండా తెచ్చి మళ్లీ అక్కడే వేయగలిగినవాళ్లు. ఇంకొకరు కూడా ఉండాలి, నా బామ్మర్ది ఎడమ పక్కన, ఒక్క మనిషి పట్టే కాలిదారిలో, నాకు కనబడకుండా నడవగలిగినవాళ్లు. ఇట్లా రాసి ఇస్తే ఏ క్లెయిమ్ అయినా నేనే చించేస్తాను.

ఇక జనం సంగతి. కెప్టెన్‌కు ఇది పండగ అయ్యింది. గుట్ట మీద తల్లి మా గ్రూపును కాపాడిందని వాట్సాప్‌లో పెట్టాడు. మమ్మల్ని వదిలేసి ముందుకు పోయిన గ్రూపును! మూడో నెలకు కథలో తెల్ల చీర కూడా వచ్చి చేరింది. రాకుండా ఎట్లా ఉంటుంది. మా శ్రీకాంత్ షాపులోనే ఆ తల్లి ఫ్లెక్సీ తయారైంది, ఎనిమిది చేతులతో. అవన్నీ మెత్తటి చేతులే. ఒక్కటీ గరుకుగా లేదు.

ఇప్పుడు ఆ పసుపు రాయి దగ్గరికి మనుషులు పోతున్నారట. పోయి ఏం చేస్తున్నారో తెలుసా? అగరుబత్తులు వెలిగిస్తున్నారట. అదే బండ కింద, అవే తేనెతుట్టెల కింద. పొగ పెట్టవద్దని బోర్డు పెడితే బోర్డుకు కూడా పసుపు రాశారట. వీళ్లను కాపాడటానికి దారి పొడుగునా కొమ్మలు వేసినా చాలదు.

ఆ రెండు ఫొటోలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. వాటిని పెద్దవి చేసి, పక్కపక్కన పెట్టి ఎన్నోసార్లు చూశాను. ఒకటే కొమ్మ. అంతకుమించి వాటిలో ఏమీ లేదు.

శ్రీకాంత్ బాగున్నాడు. గుట్టలు మానేశాడు, సైకిల్ కొన్నాడు. ఆదివారాలు పిల్లలతో మా ఇంటికి వస్తాడు. లత వాడికి తినిపించినదంతా అరగాలి కదా, భోజనాలయ్యాక ఇద్దరం మెయిన్ రోడ్డు దాకా నడుస్తాం. అప్పుడు వాడి ఎడమ చెయ్యి ఒంటికి కాస్త దూరంగా, వేళ్లు సగం ముడిచి ఉంటుంది. చెబితే సర్దుకుంటాడు. పది అడుగులు వేశాక మళ్లీ అట్లాగే. వాడికి తెలియకుండానే జరుగుతుంది.

నేను వాడి కుడి పక్కనే నడుస్తాను. మొన్న వాన పడ్డాక నా వైపు అంతా బురద. ఎడమ పక్క రోడ్డు పొడిగా ఉంది. అటు పోదామని ఒక అడుగు వేసి ఆగిపోయాను. బురదలోనే నడిచాను. కొత్త చెప్పులు పాడయ్యాయి. ఇంటికొచ్చాక లత చూసి, అంత మంచి రోడ్డు పెట్టుకుని ఇదేందని అడిగింది. నమ్మి చేసిన పని కాదని ఆమెకు చెప్పాను. మరి ఎందుకు చేశావంటే, చెప్పులు పట్టుకుని కడగడానికి నల్లా దగ్గరికి పోయాను.